ఊపిరి కోసం వరుసలో

నేను డబ్బింగ్ చెప్పుకుని బతికే మనిషిని. తెర మీద ఎవరో అమ్మాయి పెదవులు కదుపుతుంటే, ఫిల్మ్‌నగర్‌లో ఓ చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ పెదవులకు గొంతు ఇవ్వడం నా పని. పుట్టింది తెనాలి దగ్గర. పెళ్లయినప్పటి నుంచీ మధురానగర్‌లోనే ఉంటున్నాం. మా ఆయన పక్కా హైదరాబాదీ. షూటింగులకు వ్యాన్లూ కార్లూ పంపిస్తారు. ఇద్దరం సినిమావాళ్లమే గానీ మా ముఖాలు ఎవరికీ తెలియవు. అది నాకు హాయిగానే ఉండేది.

ఆయాసం నాకు మెట్ల దగ్గర కాకుండా ముందు డైలాగు దగ్గర తెలిసింది. ఒక్క గుక్కలో చెప్పాల్సిన వాక్యం మధ్యలో తెగిపోయేది. రెండోసారి చెప్పేదాన్ని, మళ్లీ అక్కడే తెగేది. ఏసీ పడట్లేదనీ, దుమ్ము పడట్లేదనీ ఏవేవో చెప్పేదాన్ని. సౌండ్ ఇంజనీరు మంచివాడు. వాక్యాన్ని ముక్కలుగా చెప్పించి కలుపుకునేవాడు. "ఈ మధ్య బాగా ముక్కలు చేస్తున్నారు మేడం, తిండి తినట్లేదా ఏంటి?" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వారం పాటు అతని కళ్లలోకి చూడలేకపోయాను.

అలా ఉండగా ఒక సినిమాలో హీరోయిన్ అక్క చనిపోయే సీను వచ్చింది. ఆ అక్కకు నేనే చెప్పాలి. నిజానికి ఆ రోజు ఆటో దిగి లోపలికి నడిచేసరికే నాకు ఊపిరి చాలడం లేదు. చెప్పడం మొదలుపెట్టాను. మాటకీ మాటకీ మధ్య రొప్పు వస్తోంది, ఆపుకోవడం నా వల్ల కావడం లేదు. సీను అయ్యాక డైరెక్టరు అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఆ ఆయాసం ఎంత సహజంగా ఉందండీ. ఎలా చేశారు?"

"ప్రాక్టీసండీ," అన్నాను.

అతను తన అసిస్టెంట్ల వైపు తిరిగి, సీనియర్లను చూసి నేర్చుకోండి అన్నాడు. నేను బాత్రూంలోకి వెళ్లి వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. అద్దంలో పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

జబ్బు చేస్తే సిగ్గెందుకని ఇప్పుడు అడుగుతారు. గొంతు అమ్ముకునేవాళ్లకు ఊపిరే సరుకు. సరుకు పాడైందని తెలిస్తే ఫిల్మ్‌నగర్‌లో ఎవరూ ఒక్క మాట కూడా అనరు. ఫోన్ చేయడం మానేస్తారు, అంతే. ఆ మర్యాదకు నేను భయపడ్డాను.

మా ఆయనే పట్టుబట్టి జూబ్లీహిల్స్‌లో ఒక ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఆవిడ నా వయసుదే. స్కాను తెర మీద పెట్టి చాలాసేపు చూసింది. మామూలుగా నల్లగా కనబడాల్సిన చోట తేనెపట్టులా గళ్లుగళ్లుగా ఉంది. ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చకట్టిపోతున్నాయని చెప్పింది. తర్వాత మా ఇద్దరినీ చూసి అడిగింది.

"ఇంట్లో పావురాలు ఉన్నాయా?"

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా బాల్కనీ నిండా పావురాలే. పెంచినవి కావు, వచ్చి వాలేవి. మా ఆయన రోజూ పొద్దున్నే స్నానం చేసి వాటికి జొన్నలు చల్లాకే టీ తాగేవారు. వాళ్ల నాన్న కూడా పాతబస్తీలో అలాగే వేసేవాడట. బాల్కనీ కడగడం మాత్రం నా పని. ఎండిన రెట్టను చీపురుతో గీకి ఊడ్చేదాన్ని.

"గా పావురాలతోటేనా మేడం?" అన్నారాయన. గొంతు చాలా చిన్నదైపోయింది.

"అందరికీ రాదండీ. మీకు రాలేదు కదా. కొందరి ఒంటికి ఆ దుమ్ము పడదు. ముందే తెలిసే అవకాశం లేదు," అందావిడ.

ఇంటికొచ్చాక ఆయన జొన్నల డబ్బా తీసుకెళ్లి వీధి చివర చెత్తబండిలో పడేశారు. మర్నాడే మనిషిని పిలిపించి బాల్కనీకి వల కట్టించారు. పావురాలు కొన్నాళ్లు వల బయట పిట్టగోడ మీద కూర్చుని లోపలికి చూసేవి. ఆయన ఆ వైపు తలుపు తీయడం మానేశారు. "నా చేతులతోనే" అని ఒక్కసారే అన్నారు, అదీ నాకు వీపు చూపించి. మీ తప్పేం లేదండీ అని నేను వెంటనే అనలేదు. తప్పు వేయడానికి ఒక మనిషి దొరికాడని ఆ క్షణంలో నాకు కొంచెం ఊరటగా ఉంది. ఆ సంగతి ఆయన పసిగట్టారనే అనుకుంటాను.

మందులు మొదలుపెట్టారు. మందులతో పాటు, ఊపిరితిత్తుల మార్పిడి చేసే ఆసుపత్రి ఒకటి చెప్పి అక్కడి డాక్టర్లను కలవమంది ఆవిడ. మార్పిడి అన్న మాట దగ్గరే ఆవిడను ఆపాను.

"అంటే అంత దూరం వచ్చేసిందా?"

"రాలేదు. అందుకే ఇప్పుడు వెళ్లమంటున్నాను. అక్కడికి పంపడమంటే ఆపరేషన్‌కు పంపడం కాదు. వాళ్లు మిమ్మల్ని ముందునుంచీ ఎరిగి ఉండాలి. మరీ బాగున్నవాళ్లకు ఆపరేషన్ అక్కర్లేదు. మరీ పాడైతే తట్టుకోలేరు. ఆ రెండిటి మధ్య ఉన్న కాలం ఎప్పుడొస్తుందో, ఎంత ఉంటుందో ఎవరం చెప్పలేం. ఇంకా బాగానే ఉన్నారు కదా అని ఆలస్యంగా పంపి నేను చాలామందిని పోగొట్టుకున్నాను. మిమ్మల్ని అలా పోగొట్టుకోదలచుకోలేదు."

ఇంత స్పష్టంగా చెప్పినా నేను వెళ్లలేదు. ఒక పెద్ద సినిమా చేతిలో ఉంది, అది అయ్యాక అన్నాను. అది అయ్యాక క్రిస్మస్ అన్నాను. వేసవి కూడా గడిచింది. అప్పటికి ఇంట్లో ఆక్సిజన్ మిషన్ వచ్చింది. డబ్బింగ్‌కు వెళ్లినప్పుడు చిన్న సిలిండరు వ్యాన్‌లో దాచిపెట్టి, మధ్యమధ్య ఫోనొచ్చిందని చెప్పి బయటికెళ్లి వ్యాన్‌లో కూర్చుని పీల్చుకుని వచ్చేదాన్ని. చివరికి ఒకరోజు మైకు ముందే కళ్లు తిరిగి కూలబడ్డాను. ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫోన్లు ఆగిపోయాయి. నేను మార్పిడి ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడ మనిషిని ఎంచుకునే పద్ధతి ఎలా ఉంటుందో నాకప్పటిదాకా తెలియదు. జబ్బు ముదిరిందా లేదా చూసి కోసేస్తారనుకున్నాను. వాళ్లు చూసింది నాలో బాగున్న భాగాలను. గుండె, కిడ్నీలు, కాలేయం, ఎముకలు, నెత్తురు, కడుపు, చివరికి పళ్లు కూడా. కొత్త ఊపిరితిత్తులు పెట్టాక ఒంటికి రోగాలతో పోరాడే శక్తిని మందులతో తగ్గిస్తారట. ఒంట్లో ఎక్కడ చిన్న చీము దాగి ఉన్నా అదే చంపేస్తుందట. ఒక పన్ను పీకించారు. కారిడార్‌లో వేలికి క్లిప్పు పెట్టి ఆరు నిమిషాలు నడవమన్నారు. మధ్యలోనే గోడ పట్టుకుని నిలబడిపోయాను. పక్కన నడుస్తున్న అమ్మాయి, ఆగినా పర్వాలేదు మేడం అంది. ఎదురుగా కుర్చీల్లో జనం కూర్చుని ఉన్నారు. సభలో డైలాగు మరిచిపోయిన నటిలా అనిపించింది.

తర్వాత ఆసుపత్రి కౌన్సెలరు ఒకావిడ గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగింది. ఆపరేషన్ తర్వాత మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు? ఆయన ఒక్కరేనా? ఇంకొకరు కూడా ఉండాలి. నెలల తరబడి ఉండాలి. మాకు పిల్లల్లేరు. తెనాలిలో చెల్లెలు ఉంది, ప్రైవేటు స్కూల్లో టీచరు. దానికి ఫోన్ చేసి అడగడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన చేశారు. అది ఇంకే ప్రశ్నా వేయకుండా, "ఎప్పుడు రమ్మంటావు బావా?" అందట. ఉద్యోగం మానేసి వచ్చేసింది. దాని పెట్టె మా హాల్లో పెట్టినప్పుడు నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ పరీక్షల రోజుల్లోనే ఆసుపత్రిలో ఒకమ్మాయి పరిచయమైంది. నాకన్నా చాలా చిన్నది, ముప్పయి దాటి ఉంటుంది. ముక్కులో నాలాగే గొట్టం. వేళ్ల చర్మం బిగుసుకుపోయి మెరుస్తూ ఉండేది. రహమత్‌నగర్‌లో ఉంటుంది. పాటల్లో హీరోయిన్ వెనక గుంపులో డాన్సు చేసేది. చర్మం గట్టిపడే జబ్బు ఒకటి వచ్చి ఊపిరితిత్తులకు పాకిందట. అమ్మతో కలిసి వచ్చేది. ఒకరోజు తన ఫోన్‌లో ఓ పాట పెట్టి నాకు చూపించింది.

"ఇగో అక్కా, మూడో లైన్ల, ఎడమ దిక్కు చివర. ఎర్ర లంగా. నేనే."

చూశాను. నడుము విల్లులా వంచి నవ్వుతోంది. ఆ సినిమాలో హీరోయిన్‌కు గొంతు నాదేనని చెప్పాను.

"అవ్ నా? ఇద్దరం ఒక్క సినిమాల పనిచేసినమా? ఒక్కసారన్నా కలువలే చూడు," అని ఎంతో సంతోషపడింది. ఆ తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగింది. "మీ బ్లడ్ గ్రూపేందక్కా?"

"ఓ పాజిటివ్."

"నాది గూడ గదే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే. ఊపిరితిత్తులు దొరికితే ముందు చూసేది గ్రూపు, ఆ తర్వాత ఛాతీ కొలత. ఆ సంగతి ఆ వెయిటింగ్ హాల్లో కూర్చున్న మా అందరికీ తెలుసు. ఆమె ఫోన్‌లో పాట ఇంకా నడుస్తోంది. ఆమే ముందు తేరుకుని, "ఫికర్ చెయ్యకండ్రి, దేవుడు ఇద్దరికీ చెరొకటి పంపుతడు," అని నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. కానీ ఆ రోజు నుంచి ఆమె హాల్లోకి వస్తుంటే నా చూపు ముందు ఆమె ముఖం మీదికి పోయేది కాదు. ఎంత దూరం నడిచాక ఆగుతోందో చూసేదాన్ని.

డాక్టర్లందరూ కూర్చుని ఒక్కొక్కరి గురించీ మాట్లాడుకుని నిర్ణయిస్తారు. నా పేరు జాబితాలో పెట్టారు. ఆసుపత్రివాళ్లు ఫోన్‌లో ఆ మాట చెప్పగానే చెల్లెలు ప్రార్థనకు మోకాళ్ల మీద కూర్చుంది. మర్నాడు ఆ డాన్సు అమ్మాయి ఫోన్ చేసింది.

"నాకు కాదన్నరక్కా. నా అన్నం పోయే గొట్టం పాడైందంట. మింగింది పైకొచ్చి కొత్త ఊపిరితిత్తులల్ల పడ్తదంట, అవి గూడ ఖరాబైతయంట. చెన్నై పోయి ఇంకో డాక్టర్ని అడుగుమన్నరు."

అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. కానీ ఆ అయ్యో నా నోటికి రాకముందే నా ఒంట్లో ఏదో బరువు దిగింది. భుజాలు తేలికయ్యాయి. దానికి పేరు పెట్టడానికి నాకు కొన్ని గంటలు పట్టింది. పేరు తెలిశాక ఆ రోజు అన్నం తినలేకపోయాను.

"మీకు?" అని అడిగింది.

"పెట్టారమ్మా."

"మంచిగైంది," అని పెట్టేసింది. ఆ తర్వాత నేను చేస్తే ఎత్తలేదు.

ఎదురుచూడడం మొదలైంది. ఎప్పుడు పిలిచినా వెంటనే ఆసుపత్రిలో ఉండాలి కాబట్టి ఊరు దాటకూడదు. ఫోను చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. ఆదివారాలు మాత్రం సిలిండరు ఈడ్చుకుంటూ మా చర్చికి వెళ్లేదాన్ని. ఒక ఆదివారం పాస్టరుగారు నన్ను ముందుకు రమ్మన్నారు. కుర్చీ వేయించి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టారు.

"ప్రభువా, నీ దాసురాలికి త్వరగా దాతను అనుగ్రహించుము తండ్రీ. ఆలస్యము చేయకుము. ఈ వారములోనే ఆ శుభవార్త వినిపించుము."

సంఘమంతా ఆమెన్ అంది. అందరికన్నా గట్టిగా మా చెల్లెలు అంది. నేను కళ్లు తెరిచాను. ఎదురుగా క్వయర్‌లో పాడే కుర్రాళ్లు కళ్లు మూసుకుని చేతులెత్తి ఉన్నారు. ఛాతీలు ఎగిసి పడుతున్నాయి. అందరూ ఏం అడుగుతున్నారో అప్పుడు అర్థమైంది నాకు. ఈ వారంలో, ఈ ఊళ్లో, ఎవరో ఒక ఇంట్లో ఒక మనిషి పోవాలి. పోయినవాళ్ల తాలూకు వాళ్లు ఏడుస్తూనే సరేనని సంతకం పెట్టాలి. అదీ ఈ ప్రార్థన. ఆమెన్ నా నోట్లోంచి రాలేదు. నేను చేసిన తప్పేమీ లేదు, నాకు తెలుసు. అయినా అంతమంది మధ్య దొంగలా తల దించుకుని కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక పాస్టరుగారితో చెప్పాను.

"నేనలా ఆలోచించలేదమ్మా," అన్నారాయన. "ఇకనుంచి ఏమని ప్రార్థించమంటావు?"

"నాకూ తెలియదండీ అయ్యగారూ."

మరుసటి ఆదివారం ఆయన నా పేరెత్తి, ఆమెకు ఓర్పునిమ్ము అని మాత్రం అన్నారు. దానికి నేను ఆమెన్ అన్నాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే సోఫాలో కూర్చున్నారు. నీళ్లిస్తే పుచ్చుకుని తాగకుండా పట్టుకున్నారు.

"ఏమైందండీ?"

"నీకు చెప్తే నన్ను అసహ్యించుకుంటవ్."

"చెప్పండి."

"యూసుఫ్‌గూడ కాడ సిగ్నల్ల ఆగిన. పక్కన ముగ్గురు పోరగాళ్లు ఒక్క బండి మీద. హెల్మెట్ లేదు. వాన పడ్తుంది, రోడ్డంత జారుడుంది. ఎప్పటి లెక్కైతే నేను ఊకోను కదా, అద్దం దించి తిడ్త. నీకు తెలుసు." ఆగారు. "ఇయ్యాల తిట్టలే. నోరు రాలే. గట్లనే చూస్త కూసున్న. సిగ్నల్ పడ్డది, వాళ్లు పోయిండ్రు. పోయినంక సమజైంది నేనెందుకు ఊకున్ననో."

నేను పక్కన కూర్చున్నాను. ఆయన మళ్లీ అన్నారు. "రోజు పేపర్ల ముందుగాల యాక్సిడెంట్లే చదువుతున్న. నేనేం మనిషినైపోతున్ననో."

"నేనూ సైరన్ వినబడితే కిటికీ దగ్గరికి పోతున్నానండీ," అన్నాను.

ఇంతకాలం ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికొకరు తెలియకుండా అదే పని చేస్తున్నామన్నమాట. ఆ రాత్రి ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. మర్నాటి నుంచి ఆయన తన డ్రైవర్లందరికీ హెల్మెట్లు కొనిచ్చి, సొంత బైకు మీద ఎవడు పెట్టుకోకుండా కనిపించినా పనిలోంచి తీసేస్తానని బెదిరించడం మొదలుపెట్టారు. వాళ్లు ఎందుకో తెలియక విసుక్కునేవారు.

కొన్నాళ్లకు ఆ డాన్సు అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది. చెన్నైలో కూడా కాదన్నారట. "ఒకపారి చూడాలనుందక్కా," అంది. వ్యాన్‌లో సిలిండరు పెట్టుకుని రహమత్‌నగర్ వెళ్లాను. వాళ్ల సందులో వ్యాన్ పట్టలేదు, ఆటో మాట్లాడుకుని లోపలికి వెళ్లాను. ఆమె ఉండేది రెండో అంతస్తులో. నేను ఆ మెట్లెక్కలేను, ఆమె దిగలేదు. ఆటోలో కూర్చునే ఫోన్ చేశాను. ఆమె పై అంతస్తు వరండాలోకి వచ్చి ఊచలు పట్టుకుని నిలబడింది. ఒకరినొకరం చూసుకుంటూ ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఇద్దరి ముక్కుల్లోనూ గొట్టాలు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్లు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు.

"నిజం చెప్తున్న అక్కా, నీకు పెట్టిండ్రని తెలిసినంక నీ మీద మస్తు కోపమొచ్చింది. గందుకే ఫోన్ ఎత్తలే," అంది. మీరు నుంచి నువ్వుకు వచ్చేసింది. "నువ్వేం జేసినవ్, పాపం. ఎవరి మీద కోపం జెయ్యాల్నో తెల్వక."

"నీకు కాదన్నారని చెప్పినప్పుడు నాకు తేలికగా అనిపించింది," అన్నాను. అనేశాను.

పైన ఆమె కదలకుండా నిలబడింది. పోయి పోయి ఈ మాట ఎందుకన్నానా అనుకున్నాను. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోంది. నవ్వు దగ్గులోకి దిగింది. వాళ్లమ్మ వచ్చి పట్టుకుంది.

"నాకు గూడ గట్లనే అనిపిస్తుండెనేమో," అంది ఊపిరి అందాక. "నీకు కాదంటే."

ఇంకేవో మాట్లాడుకున్నాం. ఏం కూరలు తింటున్నావంది. తను చారన్నం ఒక్కటే మింగగలుగుతోందంది. ఆటో కదిలేటప్పుడు చెయ్యి ఊపింది. చెయ్యి కూడా ఆ అమ్మాయి అందంగా ఊపింది. వానాకాలం పోకముందే ఆమె పోయింది. వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి నేను మంచం దిగే స్థితిలో లేను. వెళ్లలేదు.

నాకు మొదటిసారి పిలుపొచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్లి, ఒంటికి మందు రాసి, గౌను తొడిగించి పడుకోబెట్టాక, ఆ ఊపిరితిత్తులు పనికిరావని చెప్పి ఇంటికి పంపేశారు. ఇలా జరుగుతుందని ముందే చెప్పారు. కార్లో తిరిగొస్తూ మా ఆయన, "పాపం, ఎవరో ఏమో, వాళ్లింట్లో ఇప్పుడెట్లున్నదో," అన్నారు. నేను నా గురించే ఏడుస్తున్నాను. ఆ మాట విన్నాక ఏడుపు ఆపేశాను.

రెండోసారి మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. చెల్లెలు కంచాలు అలాగే వదిలేసి సంచి తీసింది. జూబ్లీహిల్స్ ఎక్కేదాకా ట్రాఫిక్ ఉంది, మా ఆయన హారన్ కొట్టలేదు. దాత ఎవరని నేను అడగలేదు, అడిగినా చెప్పరు. మత్తిచ్చే డాక్టరు నా పేరు అడిగి ఖాయం చేసుకుంటున్నప్పుడు, ఇదే సమయంలో ఇంకెక్కడో ఇంకో బల్ల మీద ఇంకో మనిషి ఉన్నారనే ఆలోచన ఒక్కటే ఉంది. క్షమించమనాలో, థాంక్స్ చెప్పాలో తేల్చుకోకముందే మత్తు కమ్మేసింది.

బతికాను. తేలిగ్గా బతకలేదు. మధ్యలో ఒంటికీ కొత్త ఊపిరితిత్తులకూ పడక మళ్లీ ఆసుపత్రిలో పడ్డాను. చేతులు వణుకుతాయి. గుప్పెడు మందులు టైము తప్పకుండా మింగాలి. చెల్లెలు చెప్పినదానికంటే ఎక్కువకాలమే ఉండి వెళ్లింది, దాని ఉద్యోగం దానికి మళ్లీ దొరకలేదు. ఇప్పుడు తెనాలిలో ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. నా గొంతు కొంచెం బొంగురుపోయింది. హీరోయిన్లకు పనికిరాదు, తల్లులకూ అత్తలకూ చెబుతున్నాను. పొడుగు వాక్యం ఒక్క గుక్కలో చెప్పేసినప్పుడు సౌండ్ ఇంజనీరు లోపలినుంచి బొటనవేలు చూపిస్తాడు. నేను తల తిప్పుకుంటాను. ఆ మెప్పు నాకు రావాల్సింది కాదనిపిస్తుంది.

ఈ మధ్య ఆసుపత్రివాళ్లు అవయవాలు ఇచ్చినవాళ్ల కుటుంబాలను పిలిచి చిన్న సభ పెట్టారు. నన్నూ రమ్మన్నారు. మాస్కు పెట్టుకుని చివరి వరుసలో కూర్చున్నాను. వేదిక మీద ఒక్కొక్కరికీ శాలువా కప్పుతున్నారు. పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. నల్లగొండ వైపు మనిషని మాటతీరులో తెలుస్తోంది. ఒళ్లో మడిచిన శాలువా ఉంది, అప్పటికే కప్పేశారన్నమాట.

"నువ్వెవ్వరి తరపున వచ్చినవమ్మా?" అని అడిగింది.

అబద్ధం చెప్పి లేచిపోదామనిపించింది. "తీసుకున్నదాన్నండీ," అన్నాను.

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. "ఏం తీస్కున్నవ్?"

"ఊపిరితిత్తులు."

"మా బిడ్డయి కండ్లు, కిడ్నీలు పనికొచ్చినయి. ఊపిరితిత్తులు పనికిరాలేదన్నరు. నాకు మస్తు బాధైంది అప్పుడు. అవి గూడ ఎవలకన్న పోతే బాగుండుననుకున్న." కాసేపు వేదిక వైపు చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది. "ఒకపారి ఊపిరి తీస్కో. చూస్త."

తల దించుకునే గట్టిగా పీల్చాను. ఎగిసి దిగుతున్న నా ఛాతీ వైపే ఆమె చూస్తోంది. ముందు వరుసల్లో చప్పట్లు కొడుతున్నారు.

"ఇంకోపారి," అంది.